కొడుకు "అడిగితే కాదనడు" సరే, మరి మీరు అడగరేం?

ఉత్తరం: నా వయసు 64. మావారు టీచరుగా రిటైరయ్యారు, పోయి నాలుగేళ్ళయింది. తెనాలిలో మా ఇంట్లోనే కొడుకు, కోడలు, మూడేళ్ళ మనవడితో ఉంటున్నాను. వానాకాలం నుంచి పెరట్లోకి బూడిద చారల పిల్లి ఒకటి వస్తోంది. బావి గట్టు మీద పాలు పోసి పెడితే, నేను లోపలికి వచ్చేదాకా ముట్టదు. కోడలికి ఇది ఇష్టం లేదు. రోగాలొస్తాయంటుంది, పాల ప్యాకెట్లు చాలడం లేదంటుంది, తులసికోట దగ్గర పాడు చేస్తోందంటుంది. అందుకే ఆమె ఆఫీసుకు వెళ్ళాక పెడుతున్నాను. పిల్లికి పెట్టడం తప్పా? అది నాకు ఎప్పటికి మచ్చికవుతుంది? కోడలికి ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: అమ్మా, పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మన పెద్దవాళ్ళు భయపెట్టారు గానీ, పిల్లికి తిండి పెడితే దోషమని ఎవరూ అనలేదు. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేద్దాం.

పాలు మాత్రం మానేయండి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. తులసికోట గొడవకి సగం కారణం అదే కావచ్చు. చేపలు తెచ్చుకున్న రోజు ఉప్పూ కారం తగలకముందే ఒక ముక్క తీసి ఉడికించి, ముళ్ళు ఏరి పెట్టండి. మిగతా రోజుల్లో ఉడికించిన గుడ్డో, కాస్త కోడిమాంసమో చాలు. కూరలో ముక్క కడిగి వేయొద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం. పక్కన ఒక మూకుడులో నీళ్ళుంచండి.

మచ్చిక చేసుకోవాలంటే గిన్నె పెట్టి లోపలికి పారిపోకండి. రోజూ ఒకే వేళకి, ఒకే చోట పెట్టి, దూరంగా పీట వేసుకుని, దానికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చోండి. అదే పనిగా కళ్ళలోకి చూస్తే పిల్లి బెదిరిస్తున్నారనుకుంటుంది. చూపు కలిస్తే మెల్లగా రెప్పలు వాల్చండి. అది నిమ్మళంగా తింటోందనుకున్నాక పీట జానెడు ముందుకు జరపండి. చెయ్యి చాచొద్దు, అదే వచ్చి మీ చీర కుచ్చిళ్ళకి రాసుకోవాలి. కొన్ని పిల్లులు ఎన్నాళ్ళు పెట్టినా ఒళ్ళోకి రావు. ఇది ఆ రకమైతే బలవంతం చేయకండి.

ఇక రోగాలంటారా, మూడేళ్ళ పిల్లాడున్న తల్లి ఆమాత్రం భయపడకపోతే ఎలా? పిల్లి కరిచినా రక్కినా రేబిస్ రావచ్చు. అలాంటిది జరిగితే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. మనవణ్ణి దాని దగ్గరికి ఒంటరిగా వదలకండి. మట్టిలో ఆడి వస్తే చేతులు కడగండి. ఈ విషయంలో నేను మీ కోడలి పక్షమే.

మీ మూడు పేజీల ఉత్తరంలో రెండున్నర పేజీలు ఆ అమ్మాయి మీద ఫిర్యాదులే. సంతకానికి కాస్త పైన మాత్రం ఇంకో సంగతి రాశారు: "ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, కార్డు అబ్బాయి దగ్గరుంటుంది, నాకేం కావాలన్నా అడిగితే కాదనడు."

అడిగితే కాదనని కొడుకుని అర లీటరు పాలు ఎందుకు అడగలేదు? కోడలి స్కూటీ చప్పుడు సందు మలుపు దాటాక ఫ్రిజ్ తెరుస్తాననీ, పిల్లి తిన్న గిన్నె తోమి, తుడిచి, ఎప్పటిలాగే బోర్లించి పెడతాననీ రాశారు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సామెత మీ పెరట్లో మీకే వర్తిస్తోంది. రోజూ పాలు కాచే మనిషికి ప్యాకెట్ల లెక్క తెలియదనుకున్నారా? పాలు పోయినందుకు కాదు, అత్తగారు తన వెనక ఏదో చేస్తున్నందుకు ఆమెకి మండుతుంది. పైగా మీ పెన్షన్ ఎటు పోతోందో ఆమెకు తెలుసునని నేననుకోను. ఇల్లంతా తన జీతం, మొగుడి జీతం మీదే నడుస్తోందనుకునే ఇల్లాలు పాలకు లెక్క అడగదా?

మీ అబ్బాయిని దొంగ అనడం లేదు. తండ్రి పోయిన కొత్తలో బ్యాంకు పనులన్నీ వాడే చూసి ఉంటాడు, కార్డు వాడి పర్సులోనే ఉండిపోయి ఉంటుంది. చాలా ఇళ్ళల్లో ఇంతే, ఎవరూ పన్నాగం పన్నరు. అయినా సరే, ఏటా లైఫ్ సర్టిఫికెట్‌కి "నేను బతికే ఉన్నాను" అని రుజువిచ్చేది మీరు, ఆ డబ్బు తీసేది ఇంకొకరూనా? నెలకెంత వస్తుందో ఎక్కడా రాయలేదు. మీకు తెలియదని నా అనుమానం. మీ ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ సుద్దముక్క అరగదీసినందుకు, ఆయన భార్యగా మీకు వస్తున్న డబ్బది. కొడుకు దయతలచి ఇచ్చే చేతిఖర్చు కాదు.

కొడుకు బంగారమే కావచ్చు, ఆడమనిషి పేరున ఉన్న డబ్బు ఆమె చేతిలోనే ఉండాలి. ఇందులో నేను మొండిదాన్ని. ఇలా అన్నప్పుడల్లా "కొంపల్లో చిచ్చు పెడుతున్నారు" అని ఉత్తరాలు వస్తుంటాయి, రానివ్వండి. ఇంటి ఖర్చులకు ఇవ్వొద్దనడం లేదు. తప్పకుండా ఇవ్వండి, రేపు మనవడి స్కూలు ఫీజు కట్టండి, కాకపోతే మీ చేత్తో ఇవ్వండి.

ఈ ఆదివారం భోజనాలయ్యాక, కోడలు ఉండగానే, "నాన్నా, ఆ కార్డు ఇటివ్వు, ఈ నెల నుంచి నేనే చూసుకుంటాను, ఇంటికి ఇంతని ఇస్తాను" అనండి. సంజాయిషీలు వద్దు, అందులోకి పిల్లిని అసలే తేవద్దు. "నేను సరిగ్గా చూడటం లేదా అమ్మా?" అని మొహం చిన్నబుచ్చుకుంటాడు. మీరు కరిగిపోయి "ఉంచుకోలే నాన్నా" అన్నారో, మళ్ళీ స్కూటీ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవాల్సిందే.

కార్డు చేతికొచ్చాక పిన్ మార్చండి. ఏటీఎం వాడటం రాకపోతే పాస్‌బుక్ పట్టుకెళ్ళి విత్‌డ్రాయల్ ఫారం రాసి తీసుకోవచ్చు. ఖాతాకి ఏ ఫోన్ నంబరు ఇచ్చారో అడిగి, మీది పెట్టించండి. వయోవృద్ధుల కోసం 2007లో వచ్చిన చట్టం ఉంది, ఆర్డీవోకి అర్జీ పెట్టండి అని ఎవరైనా ఎగదోస్తే వినకండి. నోరు తెరిచి అడగడమే ఇంకా జరగని ఇంట్లో ఆఫీసర్లతో ఏం పని?

కోడలికి విడిగా నచ్చజెప్పాల్సింది పెద్దగా లేదు, ఒక్క విషయం తప్ప. పిల్లి పొట్ట ఈమధ్య కిందికి దిగిందని, బాగా తింటోందని సంబరంగా రాశారు. అది కడుపుతో ఉందేమో చూడండి. పిల్లులు సుమారు తొమ్మిది వారాలకే ఈనేస్తాయి. బావి పక్క గోనెసంచుల్లో పిల్లలు పెట్టాక దాచడం ఎవరి తరమూ కాదు, ఆ సంగతేదో ముందే మీ నోటితో చెప్పండి. అవి తల్లిపాలు మానాక తల్లిని పశువైద్యశాలలో చూపించి, మళ్ళీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా సంగతి కనుక్కోండి. ఆటోకి, మందులకి అయ్యేది మీ పెన్షన్‌లోంచి పెట్టుకోండి, ఎవరినీ అడగకండి.