దగ్గరున్న సర్వర్‌నే ముందు అడగాలంటే: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతి ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. హైదరాబాద్‌లో రెండు డొమైన్ కంట్రోలర్లు (అందరి లాగిన్‌లూ సరిచూసే సర్వర్లు), విశాఖలో ఒకటి, విజయవాడలో ఒకటి, కరీంనగర్‌లో ఏమీ లేదు. విశాఖ ఆఫీసు మెషీన్లేమో పక్కగదిలో ఉన్న సర్వర్‌ని వదిలేసి హైదరాబాద్‌ దాకా పోయి లాగిన్ అడుగుతున్నాయి. "ప్రతి మెషీన్‌లోనూ సర్వర్ పేరు రాసేస్తే పోలా మామయ్యా" అన్నావు. ఆ పని మాత్రం చెయ్యకమ్మా. ఎందుకొద్దో చెబుదామనే కూర్చున్నాను.

నేను 1998లో ఉద్యోగంలో చేరేనాటికి నీ కంట్రోలర్ల మీద నడిచే మైక్రోసాఫ్ట్ వాళ్ల యాక్టివ్ డైరెక్టరీ ఇంకా రాలేదు. అన్నీ సన్ వాళ్ల సొలారిస్ మెషీన్లు, వాటి మీద ఎన్ఐఎస్, అంటే యూజర్ల వివరాలు ఒకచోట ఉంచి అన్ని మెషీన్లకీ అందించే ఏర్పాటు. దాని అసలు పేరు ఎల్లో పేజెస్. ఆ పేరు బ్రిటిష్ టెలికాం ట్రేడ్‌మార్క్ కావడంతో మార్చుకోవాల్సి వచ్చింది, కానీ కమాండ్లు మాత్రం ఈనాటికీ 'వైపీ' అనే మొదలవుతాయి. అందులో క్లయింట్ నెట్‌వర్క్‌లోకి ఒక కేక వేసేది. ఎవరు ముందు పలికితే వాళ్లకే అతుక్కునేది. ఆ కేక రూటర్ దాటేది కాదు. అందుకని సబ్‌నెట్‌కొక (నెట్‌వర్క్‌లో ఒక్కో ముక్కకొక) సర్వర్ పెట్టుకుంటూ పోయేవాళ్లం.

తర్వాత ఎన్ఐఎస్ ప్లస్ చేతికొచ్చింది. ఏ క్లయింట్ ఏ సర్వర్‌ని ముందు అడగాలో 'నిస్‌ప్రెఫ్ఏడీఎం' అనే కమాండ్‌తో నంబర్లు ఇచ్చేవాళ్లం, చిన్న నంబర్‌ది ముందు వంతు. ఆ జాబితాని ఒక్కో మెషీన్‌లోనైనా పెట్టొచ్చు, డొమైన్ టేబుల్‌లో అందరికీ కలిపైనా పెట్టొచ్చు. 'ముందు వీటిని అడుగు, కుదరకపోతే మిగతావాటిని' అనీ చెప్పొచ్చు, 'వీటిని మాత్రమే అడుగు' అనీ చెప్పొచ్చు. నేను కుర్రతనంలో ఒక ల్యాబ్ మొత్తానికి 'మాత్రమే' అని పెట్టాను. ఆ ఒక్క సర్వర్ డిస్క్ పోయిన రోజు నలభై మంది లాగిన్ కాలేక కూర్చున్నారు. అవతలి అంతస్తులో ఇంకో సర్వర్ నిక్షేపంగా నడుస్తోంది, దాన్ని అడగొద్దని చెప్పింది నేనే. ఆ రోజు మా పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధేసింది. ఎన్ఐఎస్ ప్లస్‌ని సొలారిస్ 11లో తీసేశారు గానీ, ఆ 'మాత్రమే' మటుకు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఇక నీ యాక్టివ్ డైరెక్టరీ సంగతి. మెషీన్‌కి తానెక్కడున్నదీ తెలియదు, ఎవరో ఒకరు చెప్పాలి. మొదటిసారి అది డీఎన్ఎస్‌లో (పేరు అడిగితే చిరునామా చెప్పే సర్వీసు) డొమైన్ మొత్తానికున్న కంట్రోలర్ల పేర్లు తీసుకుని, వాటిలో ఏదో ఒకదాన్ని పలకరిస్తుంది. ఆ కంట్రోలర్ దీని ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) చూసి, 'సైట్స్ అండ్ సర్వీసెస్' అనే టూల్‌లో నువ్వు రాసిన సబ్‌నెట్ జాబితాతో పోల్చి, "నువ్వు విశాఖ సైట్‌లో ఉన్నావు" అని చెబుతుంది. అప్పుడు అది మళ్లీ డీఎన్ఎస్ దగ్గరకెళ్లి విశాఖ కంట్రోలర్ ఎవరని అడుగుతుంది. అంటే అంతా ఆ సబ్‌నెట్ జాబితా మీదే నడుస్తుంది. అది సరిగ్గా ఉంటే ఏ మెషీన్‌లోనూ ఏమీ రాయక్కర్లేదు.

నీ దగ్గర జరిగింది ఏమిటో నాకు దాదాపు తెలుసు, ఎందుకంటే అచ్చం ఇలాంటిదే నేను వేరేచోట చూశాను. హైదరాబాద్ ప్రధాన కార్యాలయం సైట్‌కి ఎవరో ఏనాడో 10.20.0.0/16 అని, అంటే 10.20తో మొదలయ్యే చిరునామాలన్నీ, మొత్తంగా రాసేశారు. నాలుగేళ్ల తర్వాత నెట్‌వర్క్ వాళ్లు ఒక బ్రాంచ్‌లో కొత్త అంతస్తుకి 10.20.48.0/24 (అందులోనే 10.20.48తో మొదలయ్యే చిన్న ముక్క) ఇచ్చారు. ఆ సంగతి డైరెక్టరీ చూసేవాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఉదయం తొమ్మిదిన్నరకి ఆ అంతస్తులో స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉండేది, నాలుగైదు నిమిషాలకి గానీ డెస్క్‌టాప్ వచ్చేది కాదు. నేను ముందు కంట్రోలర్‌లో నెట్‌లాగన్ లాగ్ (లాగిన్ పనుల చిట్టా) తెరిచాను. సబ్‌నెట్ జాబితాలో లేని మెషీన్ ఏదైనా వస్తే అందులో 'నో క్లయింట్ సైట్' అని దాని పేరు, ఐపీ పడతాయి. ఒక్క లైను కూడా లేదు. రెండు రోజులు స్విచ్‌లనీ కేబుళ్లనీ అనుమానించాను. చివరికి ఒక మెషీన్ ముందు కూర్చుని 'ఎన్ఎల్‌టెస్ట్' అనే కమాండ్‌తో నీ సైట్ ఏమిటని అడిగితే, అది హైదరాబాద్ అంది! దాని లెక్కలో అది తప్పు కాదు. ఆ /16లో అదీ ఉంది కదా, లాగ్‌కి ఫిర్యాదు చేయడానికి ఏముంటుంది? ఇరుకైన సబ్‌నెట్‌దే పైచేయి కాబట్టి ఆ /24ని బ్రాంచ్ సైట్‌కి రాయగానే సర్దుకుంది.

అందుకని రేపు వెళ్లగానే విశాఖలో ఒక మెషీన్ మీద ఆ కమాండ్ కొట్టి చూడు. హైదరాబాద్ అని వస్తే నీకూ ఇదే జబ్బు. నెట్‌వర్క్ వాళ్ల దగ్గర ఐపీల షీట్ ఒకటి ఉంటుంది, దాన్ని తెచ్చుకుని లైను లైనూ పోల్చు. కొత్త సబ్‌నెట్ ఇచ్చినప్పుడల్లా ముందు నీకు చెప్పాకే కేబుల్ పెట్టాలని వాళ్లతో మాట తీసుకో.

కరీంనగర్‌లో సర్వర్ లేకపోయినా దానికీ ఒక సైట్ కట్టు, దాని సబ్‌నెట్లు అందులో వెయ్యి, హైదరాబాద్‌కి ఒక లింక్ గీయి. సర్వర్ లేని సైట్‌ని, లింక్ ఖర్చు ఎవరికి తక్కువో ఆ సైట్ కంట్రోలర్లు తమ కింద తీసుకుంటాయి. ఆ ఖర్చు ఏమీ మార్చకపోతే 100 ఉంటుంది. విజయవాడ లైను సన్నదైతే దాని నంబర్ పెంచు, అంతే.

ఇప్పుడు అసలు భయపడాల్సిన చోటు. విశాఖ సర్వర్ ఆగిపోతే అక్కడి మెషీన్లు డొమైన్‌లో ఎవరైనా సరే అని వెతుకుతాయి, విజయవాడకీ పోవచ్చు. విశాఖ తర్వాత దగ్గరున్న సైట్‌నే చూడమని గ్రూప్ పాలసీలో (అన్ని మెషీన్లకీ ఒకచోటి నుంచే సెట్టింగులు పంపే ఏర్పాటు) ఒక సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చెయ్యి. అలాగే బ్రాంచ్ కంట్రోలర్లు తమ పేరుని డొమైన్ ఉమ్మడి జాబితాలో కూడా వేసుకుంటాయి. హైదరాబాద్‌లో రెండూ పడుకుంటే అక్కడి వందల మెషీన్లు విశాఖలోని ఆ చిన్న డబ్బా మీద పడతాయి. బ్రాంచ్ వాటిని ఆ ఉమ్మడి రికార్డులు వేసుకోకుండా పాలసీతో ఆపు, సొంత సైట్ రికార్డులు మాత్రం ఉంచు.

హైదరాబాద్‌లోని రెండిట్లో పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర (పాస్‌వర్డ్ మార్పులు ముందుగా చేరే చోటు) ఉన్నదాని మీద పాస్‌వర్డ్‌ల పని ఎక్కువ. దాని బరువు తగ్గించాలనుకుంటే డీఎన్ఎస్ రికార్డులో దాని వెయిట్‌ని 100 నుంచి 50 చెయ్యి, రెండోది 100లోనే ఉంటుంది కాబట్టి అడిగేవాటిలో మూడో వంతు మాత్రమే దాని దగ్గరకొస్తాయి. ప్రయారిటీ జోలికి పోకు. ప్రయారిటీలో చిన్న నంబర్ ముందు, వెయిట్‌లో పెద్ద నంబర్‌కి ఎక్కువ వాటా. అర్ధరాత్రి నిద్రమత్తులో ఈ రెండూ తారుమారు చేసినవాళ్లని చూశాను.

లైనక్స్ మెషీన్లు ఉన్నాయన్నావు. ఎస్ఎస్ఎస్‌డీలో (లైనక్స్ మెషీన్‌ని డొమైన్‌కి కలిపే సర్వీసు) సర్వర్ పేరు చేత్తో రాయకు, డీఎన్ఎస్ రికార్డులే చూసుకొమ్మని వదిలెయ్యి. అప్పుడు అవీ సైట్ ప్రకారమే నడుస్తాయి. తప్పనిసరై రాయాల్సి వస్తే మొదటిదాంతో పాటు బ్యాకప్ సర్వర్ లైను కూడా తప్పకుండా రాయి.

నిన్ను ఎక్కువ ఏడిపించేవి మెషీన్లు కావు. ఫొటోకాపియర్, వీపీఎన్ డబ్బా, పాత హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్, వీటిలో ఎవరో ఎప్పుడో కంట్రోలర్ ఐపీ రాసి మరిచిపోయి ఉంటారు. వాటికి సైట్లూ తెలియవు, రెండో సర్వరూ తెలియదు. ఏ పాత కంట్రోలర్‌ని తీసేసినా, తీసే ముందు వారం రోజులు దాని 389 పోర్టుకి (డైరెక్టరీ ప్రశ్నలు వచ్చే ద్వారం) ఎవరెవరు వస్తున్నారో చూసి ఒక పుస్తకంలో రాసుకో. ఈ పుస్తకం నీ తర్వాత వచ్చేవాళ్లకి కూడా ఇవ్వాలి సుమా.

అన్నీ అయ్యాక ఒక ఆదివారం ముందుగా అందరికీ చెప్పి, విశాఖ సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ పీకు. ఒక మెషీన్‌ని రీస్టార్ట్ చేసి లాగిన్ అవ్వు. గడియారం పట్టుకుని ఎంతసేపు పట్టిందో చూసి, 'ఎన్ఎల్‌టెస్ట్'తోనే ఇప్పుడు ఏ కంట్రోలర్ పట్టుకుందో కనుక్కో. హైదరాబాద్ పేరొస్తే కేబుల్ మళ్లీ పెట్టి, మర్నాడు ఉదయం అదే మెషీన్ విశాఖకి తిరిగొచ్చిందా లేదా చూడు. విస్టా, ఆ తర్వాతి విండోస్‌లు 12 గంటలకొకసారి కొత్తగా వెతుక్కుంటాయి, కాబట్టి రావాలి. రాకపోతే ఆ మెషీన్ పేరు, ఐపీ రాసిపెట్టుకుని శనివారం రాత్రి నాకు ఫోన్ చెయ్యి. భోజనాలయ్యాక ఇద్దరం కలిసి చూద్దాం.

అమ్మానాన్నల్ని అడిగానని చెప్పు.

నీ మామయ్య