పెదనాయనతో కొండ వయసు గురించి వాదించే ముందు

చిన్నా,

పెదనాయనతో మళ్లీ గొడవ పడ్డావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తిరుమల గరుత్మంతుడు వైకుంఠం నుంచి మోసుకొచ్చి దించిన కొండ, పురాణంలో ఉన్నది ఉన్నట్టే జరిగింది అని ఆయన, అంతా కట్టుకథ అని నువ్వు. కాలేజీలో ఏళ్ల తరబడి భూగర్భశాస్త్రం చెప్పినదాన్ని, రాయి విషయంలో నేను నీ పక్షమే. నువ్వు వాదించిన తీరే నచ్చలేదు.

ముందు ఆ కార్బన్ డేటింగ్ మాట ఎత్తడం మానెయ్. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది, 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు, అదీ కట్టె, ఎముక, బొగ్గు లాంటి ఒకప్పుడు ప్రాణమున్న వాటికే. మా అన్న పాతకాలం బీఎస్సీ, ఆ ఒక్క తప్పు పట్టుకుని నువ్వు చెప్పిందంతా కొట్టిపారేస్తాడు. గ్రానైట్‌కి వాడేది యురేనియం. అందులో జిర్కాన్ అనే కంటికి ఆనని స్ఫటికాలుంటాయి, అవి ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తాయి, సీసాన్ని దాదాపు రానివ్వవు. కాబట్టి ఈరోజు లోపల దొరికే సీసం యురేనియం మారగా వచ్చిందే. ఆ యురేనియంలో రెండు రకాలు, యురేనియం-238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కి సుమారు 70 కోట్లు. ఒకే రేణువులో రెండు గడియారాలన్నమాట, రెండూ ఒకే వయసు చూపిస్తే ఇక ఆ లెక్కను కాదనడం కష్టం. "అప్పుడు ఎవడు చూశాడురా?" అని ఆయన అడిగితే నీ జవాబు ఇదే.

ఇంకో మాట కూడా అంటాడు చూడు, కల్పం 432 కోట్ల ఏళ్లు, మీ సైన్సు భూమికి 454 కోట్లు అంటోంది, మనవాళ్లు ముందే చెప్పారని. వినడానికి బాగుంటుంది. కానీ 432 కోట్లు కల్పం మొత్తం నిడివి. ఆయన రోజూ సంకల్పంలో చెప్పుకునే వైవస్వత మన్వంతరం, కలియుగం ప్రథమపాదం లెక్కన ఇప్పటికి గడిచింది సుమారు 197 కోట్లే. కొండ అడుగున ఉన్న గ్రానైట్‌ది 250 కోట్ల పైమాట.

వైకుంఠం నుంచి వచ్చింది కాబట్టి ఎంత పాతదైనా కావచ్చు అని తప్పించుకుంటాడు, నాకు తెలుసు మా అన్న. అప్పుడు ఊళ్లోంచే కొండ వైపు చూపించు. కింద వాలుగా ఉన్నది గ్రానైట్, పైన గోడలా నిటారుగా ఎర్రగా కనిపించేది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక. గ్రానైట్ నేల లోతుల్లో గట్టిపడి, పైకి తేలి, అరిగిపోయాక దాని మీద నీళ్లు ఇసుక పరిచాయి. ఆ రెంటి మధ్య పదుల కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది, ఘాట్ రోడ్డు పక్కన తెగిన రాతిలో ఆ గీత కనిపిస్తుంది, దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు కూడా. అదే క్వార్ట్‌జైట్ నగరి కొండల్లోనూ ఉంది. ఎక్కడి నుంచో తెచ్చి పెట్టిన రాయికి ఇరుగుపొరుగు కొండలతో ఇంత చుట్టరికం ఎలా కుదురుతుంది?

కట్టుకథ అనే మాట మాత్రం మళ్లీ నీ నోట రాకూడదు. ఆయన గోవిందా అంటూ ఎక్కేది స్వామి కోసం, రాయి వయసు కోసం కాదు. ముందు ఒకటి అడుగు, "పెదనాయనా, మనం మాట్లాడుతున్నది స్వామి గురించా, రాయి గురించా?" రాయి గురించే అంటే కొలుద్దాం, స్వామి గురించైతే నీ యురేనియానికి అక్కడ పనేమీ లేదు. 17వ శతాబ్దంలో అషర్ అనే ఐర్లాండ్ ఆర్చిబిషప్ బైబిల్ లెక్కలు కట్టి సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందన్నాడు, అదీ చెప్పు. ఆయన నవ్వుతాడు. నవ్వనిచ్చి, ఆ పుస్తకానికి పెట్టిన కొలతే మన పుస్తకానికీ పెడదామా అని నెమ్మదిగా అడుగు. అల్లుడి ముందో, పూజ ముందో వద్దు, ఆయన పరువు పోయిందనుకుంటే ఇక ఏ రుజువూ చెవికెక్కదు.

దర్శనం అయ్యాక శిలాతోరణం దగ్గరికి తీసుకెళ్లు. ఎండ ఎక్కకముందే వెళ్లండి, ఆయన మోకాళ్లు అంతంతమాత్రం. నువ్వేమీ చెప్పకుండా రాతి పొరలు చూడనివ్వు, ఆయనే అడుగుతాడు. ఒప్పుకోకపోతే ఆ రోజుకి ఆపేసి ఇంటికి తీసుకొచ్చెయ్, జిర్కాన్ సంగతి ఆయనకు నేనే వేరే ఉత్తరం రాస్తాను.

మీ అత్త