కుక్క ఒంటి మీద పుండ్లు: ముందు ఇవి చూడండి

దెబ్బేమీ తగల్లేదు, అయినా తోక మొదట్లో, పొట్ట కింద పుండ్లు లేచాయి, ఇది ఇన్ఫెక్షనా, పిల్లలకి అంటుకుంటుందా అని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి, అలాగని నాన్చకండి.

తోక మొదట్లో అన్నారు కాబట్టి నా మొదటి అనుమానం ఫ్లీల మీదే, అదే, వెంట్రుకల్లో గెంతుతూ తిరిగే సన్నటి పురుగులు. వాటి ఉమ్మి పడని కుక్కకి ఒకటి రెండు కుట్టినా చాలు, గోకి, కొరికి పుండు చేసేసుకుంటుంది, ఆ పుండులో బాక్టీరియా చేరుతుంది. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి తెల్లకాగితం మీద వేయండి. చుట్టూ తుప్పురంగు దిగితే అది ఫ్లీల రెట్ట, పురుగు కంటికి కనబడకపోయినా ఉన్నట్టే.

పొట్ట మీద చీము పొక్కులుంటే ఎక్కువగా బాక్టీరియానే. గుండ్రంగా వెంట్రుకలు ఊడితే తామర కావచ్చు, చెవి అంచులు, మోచేతుల దగ్గర విపరీతమైన దురదైతే గజ్జి కావచ్చు. ఈ రెండూ మనుషులకి అంటుకుంటాయి, అందుకే ఏదో తేలేదాకా పిల్లల్ని కాస్త దూరంగా ఉంచండి.

చూసి చెప్పేయడం డాక్టర్‌కైనా కష్టమే, చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూడమని అడగండి. ఈలోగా మెడకి కోన్, అదే, నోరు పుండుకి అందకుండా ఆపే గరాటు లాంటి పట్టీ, కట్టండి, లేకపోతే నాకి నాకి పెద్దది చేస్తుంది. మనం వాడే క్రీములు పూయకండి, స్టెరాయిడ్ ఉన్నదైతే తామర ఇంకా ముదురుతుంది. ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ అసలు వేయకండి, కుక్కలకి విషంతో సమానం.

తిండి మానేసినా, నీరసంగా పడి ఉన్నా, పుండు గంటల్లోనే పాకుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.