డాక్టర్ సలహా: కోర్సు సంగతి తర్వాత, ముందు ఆ ఫ్యాట్ బర్నర్ మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 29, బరువు 78 కిలోలు. విజయవాడలో జిమ్ ట్రైనర్‌ని. రోజూ 10 గుడ్ల తెల్లసొన, పావుకిలో చికెన్, రెండు స్కూపుల వే ప్రొటీన్, కండబలం కోసం 5 గ్రాముల క్రియాటిన్ పొడి తీసుకుంటా. అన్నం మానేశా. పొద్దున్నే కొవ్వు కరగడానికని ఒక ఫ్యాట్ బర్నర్ మాత్ర. ఈమధ్య కాస్త గుండెదడ, నిద్ర పట్టట్లేదు. కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 వచ్చింది. షుగర్ ఉన్న క్లయింట్ ఒకాయనకు కూడా అన్నం మాన్పించి బరువు తగ్గించా. డైటీషియన్ కావాలంటే ఏ కోర్సు చేయాలి? ప్రొటీన్ ఇంకా పెంచవచ్చా?

జవాబు: గుండెదడను ‘కాస్త’ అని రాశారు. నాకు అన్నిటికన్నా కంగారు పుట్టించింది అదే. ఫ్యాట్ బర్నర్ ఈరోజే ఆపేయండి. వీటిలో కెఫీన్ మోతాదు ఎక్కువ. కొన్నిట్లో లేబుల్ మీద రాయని మందులు కూడా కలుపుతుంటారు. మన దేశంలో 2011లోనే నిషేధించిన సిబుట్రమిన్ అనే బరువు తగ్గించే మందు కూడా అలాంటి వాటిలో దొరికింది. ఈసీజీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి, బీపీ చూపించుకోండి. డాక్టర్ దగ్గరకు ఆ డబ్బా కూడా పట్టుకెళ్లండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

క్రియాటినిన్ 1.4 అనగానే కిడ్నీ పోయిందని అనుకోనక్కర్లేదు. కండ ఎక్కువున్నా, క్రియాటిన్ వాడుతున్నా అది పెరుగుతుంది. అలాగని ‘ట్రైనర్లకు మామూలే’ అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. కిడ్నీ సంగతి తేలాలంటే యూరిన్ ఆల్బుమిన్ పరీక్ష, అవసరమైతే సిస్టాటిన్-సి అనే రక్తపరీక్ష చూడాలి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మింగుతుంటే మానండి. మీరు రాయలేదు గానీ, జిమ్ బ్యాగుల్లో ఆ షీట్లు నేను చాలా చూశాను.

ఇక ఆ షుగర్ క్లయింట్. ఆయన ఏ మాత్రలు వాడుతున్నారో అడిగారా? గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంటూ అన్నం మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. మూత్రంలోంచి షుగర్‌ను బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలైతే ఇంకో ప్రమాదం. పిండిపదార్థాలు బాగా తగ్గించినప్పుడు రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పెరిగి మనిషి సీరియస్ అవుతాడు, గ్లూకోమీటర్‌లో మాత్రం షుగర్ పెద్దగా కనిపించదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చుంటారు. ఆయన్ని ఈ వారమే డాక్టర్ దగ్గరకు పంపండి. మాత్రలు మార్చినా, తగ్గించినా అది డాక్టర్ పని. మీరు చేయొద్దు, ఆయన సొంతంగా కూడా చేయకూడదు. బరువు తగ్గించడంలో మీ కష్టాన్ని కాదనను. కానీ మందులున్న మనిషికి డైట్ చార్టు రాయడమంటే ఆ మందు మోతాదులో వేలు పెట్టడమే.

ప్రొటీన్ పెంచనక్కర్లేదు. మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలంటుంది మన జాతీయ పోషకాహార సంస్థ. బరువులెత్తేవారికి 1.4 నుంచి 2 గ్రాముల వరకు సరిపోతుంది. మీ లెక్క ఇప్పటికే రోజుకు మొత్తం 140 గ్రాముల దరిదాపుల్లో, అంటే కిలోకు 1.8 గ్రాముల దగ్గర ఉంది. కిడ్నీ పరీక్షలు తేలేదాకా క్రియాటిన్ కూడా ఆపండి. మధ్యాహ్నం కాస్త అన్నం, పప్పు, కూర తింటే మీ కండలు కరిగిపోవు.

కోర్సు అంటారా, వారాంతపు సర్టిఫికెట్లతో రోగులకు ఆహారం చెప్పలేరు. న్యూట్రిషన్‌లో బీఎస్సీ, ఆపైన ఎంఎస్సీ చేయండి. పైన చెప్పిన జాతీయ పోషకాహార సంస్థలోనే, హైదరాబాద్ తార్నాకలో, ఎంఎస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఉంది. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష నిర్వహిస్తుంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం డైటీషియన్లను కూడా తన పరిధిలోకి తెచ్చింది, కాబట్టి చేరేముందు అర్హత నిబంధనలు ఓసారి కనుక్కోండి. ఇంటర్‌లో సైన్స్ లేకపోతే కొన్నిచోట్ల సీటు కష్టం, అది ముందే అడగండి.

(ఇది మీరు రాసిన వివరాలను బట్టి ఇచ్చిన సాధారణ సలహా మాత్రమే. చికిత్స విషయం మిమ్మల్ని స్వయంగా పరీక్షించిన వైద్యులే నిర్ణయించాలి.)