పిప్పిని చూసి పురుగును పట్టే చదువు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. కొబ్బరి తోటే ఆధారం. అమ్మాయి నిరుడు ఇంటర్ బైపీసీ పాసై, ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంది. ఎంబీబీఎస్‌కు ర్యాంకు చాలలేదు. పశువైద్యంలో సీటు వచ్చేలా ఉంది. తను మాత్రం హెచ్ఐవీని కిల్లర్ టీ కణాలు ఎలా గుర్తుపట్టి అదుపు చేస్తాయో పరిశోధిస్తానంటోంది. దానికి ఏం చదవాలి? ఆ వైరస్‌తో పని ప్రమాదం కాదా? రేపు సంబంధాలు వస్తే ఏమని చెప్పుకోవాలి? ఇంకో ఏడాది నీట్‌కే కూర్చోబెట్టమని మా బావమరిది అంటున్నాడు.

జవాబు: బావమరిది గారి సలహా పక్కన పెట్టండి. రోగికి మందు రాసే పని వేరు, కణం లోపల ఏం జరుగుతోందో తేల్చే పని వేరు. మీ అమ్మాయి అడుగుతున్నది రెండోది.

తను దేని వెంట పడిందో ముందు మీకు తెలియాలి. కొబ్బరి రైతుకు అది చెప్పడం సులువు. ఎర్రముక్కు పురుగు మాను లోపల తొలిచేస్తుంటే మీకు కనిపించదు. కన్నంలోంచి నమిలిన పిప్పి బయటికి వస్తే లోపల అది ఉందని పట్టేస్తారు. వైరస్ సోకిన కణాలను చంపే తెల్ల రక్తకణమే కిల్లర్ టీ కణం. అదీ అంతే, కణంలోకి దూరిన వైరస్‌ను నేరుగా చూడలేదు. కాకపోతే ఇక్కడ పిప్పిని బయటపెట్టేది పురుగు కాదు, చెట్టే. మన కణాలు తమలోని ప్రొటీన్లను నిత్యం ముక్కలు చేసి, ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌ను కట్టే ఇటుకల) పొడవున్న ముక్కలను హెచ్ఎల్ఏ అనే పిడిలో పెట్టి పైపొర మీద చూపిస్తుంటాయి. వాటిలో వైరస్ ముక్క కనిపిస్తే టీ కణం పర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో ఆ కణానికి కన్నం పెట్టి, గ్రాంజైములనే చంపే ఎంజైములను లోపలికి పంపి చంపేస్తుంది. మీరు చెట్టును దక్కించుకోవాలని చూస్తారు. టీ కణం తోట కోసం చెట్టునే కూల్చేస్తుంది.

ముక్కనూ పిడినీ కలిపి చూస్తేనే టీ కణం గుర్తుపడుతుందని 1970లలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఎలుకల మీద తేల్చినవారు పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్. అందుకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇద్దరిలో డోహర్టీ చదివింది ఏమిటో తెలుసా? పశువైద్యం!

హెచ్ఐవీ మహా గడుసుది. తన నకళ్లు తీసుకునేటప్పుడు తప్పులు చేస్తుంది, ఆ తప్పులే దానికి మారువేషాలు. మన పిడులు కూడా మనిషికీ మనిషికీ వేరు. మందులు లేకుండా ఏళ్ల తరబడి వైరస్‌ను అణచి ఉంచగలిగేవారు సోకినవారిలో నూటికి ఒకరు కూడా ఉండరు. ఆ కొద్దిమందిలో బీ57, బీ27 అనే రకాల పిడులు ఎక్కువగా కనిపిస్తాయి. అవి పట్టి చూపే ముక్కల్లో ముఖ్యమైనవి వైరస్ లోపలి గుల్లను కట్టే గ్యాగ్ ప్రొటీన్‌వి. అక్కడ ఒక్క అమైనో ఆమ్లం మార్చుకుంటే టీ కణం కన్నుగప్పవచ్చు గానీ, గుల్ల దెబ్బతిని వైరసే నీరసిస్తుంది. అయినా ఊరుకోదు. ఒక్కోసారి ఇంకోచోట మరో మార్పు చేసుకుని ఆ లోటు పూడ్చుకుంటుంది. ఈ దోబూచులాట చూసి మీ అమ్మాయి మనసు పారేసుకుందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

హెచ్ఐవీకి చుట్టమైన ఎస్ఐవీ కోతులకు సోకుతుంది. ఆ కోతుల్లో కిల్లర్ కణాలున్న సీడీ8 వర్గాన్ని తాత్కాలికంగా తొలగిస్తే వైరస్ ఎగబాకింది, కణాలు తిరిగి రాగానే దిగింది. 1999లో వెలువడిన ఫలితమిది. కోతులతో జరిగే ఇలాంటి పనికి పశువైద్యుల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

కాబట్టి సీటు వస్తే వదలకండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తర్వాత మైక్రోబయాలజీలో ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ), ఆపైన పీహెచ్‌డీ. డాక్టరేటు చేతికొచ్చేసరికి ముప్పై దాటుతాయి, ఇందులో దాపరికం లేదు. జాతీయ స్థాయి జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే భృతి) దక్కితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 ఇస్తారు. మధ్యలో పరిశోధన మీద మోజు తగ్గినా పశువైద్యురాలిగా బతుకుతెరువుకు లోటుండదు. తిరుపతిలోని కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఐఐఎస్ఈఆర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిపిన కోర్సు) ఇంకా దగ్గరి దారే. అయితే ప్రవేశ పరీక్షలోని 60 ప్రశ్నల్లో 15 లెక్కలవి. బైపీసీ పిల్లలు తడబడేది అక్కడే. పైగా ఇంటర్ ఏ ఏడాది పాసైనవారికి అవకాశమో ప్రకటనలో చూసుకోవాలి. 

ప్రమాదం సంగతి. టీ కణం ఏ ముక్కను గుర్తిస్తుందో చూడటానికి ప్రయోగశాలలో తయారుచేసిన ముక్కలు చాలు, బతికున్న వైరస్ అక్కర్లేదు. వైరస్‌ను పెంచే పని ప్రత్యేక రక్షణ ఉన్న గదుల్లోనే జరుగుతుంది. సోకినవారి రక్తంతో పని ఉంటుంది, దానికీ గట్టి నియమాలున్నాయి. పుణెలో 1992లో మొదలైన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థ ఈ వైరస్ మీద పనిచేస్తోంది.

సంబంధాల వాళ్లకు అమ్మాయి శాస్త్రవేత్త కాబోతోందని చెప్పండి. ఏ వైరస్ అంటే పేరు కూడా చెప్పండి. పెళ్లి చూపుల్లో దాచిన మాట పెళ్లయ్యాక బయటపడితేనే తంటా.

చేర్పించే ముందు తనను ఒక్కటి అడగండి: వైరస్‌ను ఇంతగా అణచగల టీ కణాలు దాన్ని పూర్తిగా ఎందుకు తుడిచిపెట్టలేవు? సగం జవాబు నేనే చెబుతాను. వైరస్ తాను ప్రధానంగా సోకే సీడీ4 అనే రక్షక కణాల్లో కొన్నిటిలో జన్యువుల మధ్య దూరి, ఏ ముక్కా బయటపెట్టకుండా ఏళ్ల తరబడి నిద్రపోతుంది. అంటే పిప్పి రాల్చని పురుగన్నమాట. దాన్ని బయటికి ఎలా లాగుతావని అడిగి, తను ఏమందో నాకు రాయండి.