చిన్నా, ముందు ఇంజన్ ఆపి కూర్చో

చిరంజీవి చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి, "మామయ్యా, డాష్‌బోర్డు మీద సన్నటి పట్టీ ఉంది కదా, అది లాగితే లోపలి నుంచి కప్ హోల్డర్లు బయటికొచ్చాయి, వారం నుంచీ తోలుతున్నా నాకు తెలియనే తెలియదు" అన్నావు. నీ గొంతులో ఆ ఉత్సాహం వింటే నాకు నా మొదటి నెల గుర్తొచ్చింది. నాదీ నీలాంటి పోర్షా 911యే, కంపెనీ 997 అని పిలిచే అదే తరం. పదకొండేళ్ళుగా నా దగ్గరుంది. "ఇంకా ఏమేం దాగున్నాయి దీంట్లో?" అని అడిగావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. కారులో దాగున్నవన్నీ ఒక రకం కావు. కొన్ని సౌకర్యానికి, కొన్ని సరదాకి. ఇంకొన్ని మాత్రం కారు మొరాయించిన రోజు తప్ప కంటికి కనపడవు. అందరూ సరదా వాటి దగ్గర మొదలుపెడతారు. నువ్వు చివరి రకం దగ్గర మొదలుపెట్టు.

ఎలా అంటే, ఒక సాయంత్రం ఎక్కడికీ వెళ్ళకు. ఇంజన్ ఆపి, డ్రైవర్ సీట్లో కూర్చుని, మాన్యువల్ ఒళ్ళో పెట్టుకో. మంచం మీద పడుకుని చదివితే ఒంటబట్టదు. పేజీలో ఏ మీట గురించి ఉందో ఆ మీట మీద వేలు ఉండాలి. రెండు గంటలు చాలు.

దానికంటే ముందుగా, కారు ముందువైపు మూత ఎత్తి, దాని లోపలివైపు అంటించిన స్టిక్కర్ చూడు. సర్వీస్ పుస్తకంలోనూ అలాంటిదే ఇంకోటి ఉండాలి. కారు ఛాసిస్ నంబరు కింద మూడేసి అంకెల కోడ్లు వరసగా ఉంటాయి. మొదటి యజమాని ఫ్యాక్టరీలో ఏమేం వేయించుకున్నాడో ఆ కోడ్లు చెబుతాయి. నీది సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి నీకిది జాతకం లాంటిది. ఒక్కో కోడ్‌కి అర్థం వెతికి నోట్‌బుక్‌లో రాసుకో. వీడియోల్లో చూపించే బటన్లు నీ కారులో ఉండకపోవచ్చు, వాళ్ళు చూపించనివి నీకు ఉండొచ్చు. డాష్‌బోర్డు నడినెత్తిన గుండ్రటి స్టాప్‌వాచ్ ఉంటే స్పోర్ట్ క్రోనో అనే అదనపు ప్యాకేజీ ఉన్నట్టు. అది లేకపోతే దానితో వచ్చే స్పోర్ట్ బటన్ కోసం వెతకడం అనవసరం.

ఇప్పుడు నాకు జరిగింది చెబుతాను. కొన్న మొదటి ఏడాదే ఊరెళ్ళి దాదాపు నెలన్నర కారు కదపలేదు. తిరిగొచ్చి తాళం మీది బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ చచ్చిపోయింది. తాళంలోనే ఉన్న లోహపు చెవితో తలుపు తీశాను, అంతవరకూ బాగానే ఉంది. ఈ కారుకి ఇంజన్ వెనకా, డిక్కీ ముందూ ఉంటాయి కదా, బ్యాటరీ ఆ ముందు డిక్కీలోనే ఉంటుంది. ఆ మూత తెరుచుకోవాలంటే కరెంటు కావాలి. కరెంటు కావాలంటే బ్యాటరీ కావాలి. బ్యాటరీ దగ్గరికి పోవాలంటే మూత తెరవాలి. మూత మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయాను.

సాయానికి వచ్చినతను పెద్ద స్క్రూడ్రైవర్ తీసి, దానికి గుడ్డ చుట్టి, మూత అంచులో దూర్చి ఎత్తబోయాడు. వద్దు అనేలోపే కిర్రుమని శబ్దం. గుడ్డ పక్కకి జారి, వేలెడు పొడవున పెయింట్ లేచిపోయింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. వేయించిన రంగు కలిసిపోయినా, ఎండ పక్క నుంచి పడితే నా కంటికి కనపడుతుంది.

పరిష్కారం నా పాదాల దగ్గరే ఉంది చిన్నా. కాళ్ళు పెట్టే చోట, తలుపు వైపు, ఫ్యూజుల పెట్టె ఉంటుంది. దాని మూత తీస్తే ఫ్యూజుల మధ్యలో ఒక చిన్న కొక్కెం లాంటిది ఉంటుంది, వేళ్ళతో లాగితే బయటికొస్తుంది. బయటి బ్యాటరీ నుంచి ప్లస్ వైరు దానికి, మైనస్ వైరు తలుపు గడియ పడే లోహపు కొక్కానికి తగిలించాలి. అలారం మోగితే బెదిరిపోకు, తాళం బటన్ నొక్కితే ఆగుతుంది. ఆ తర్వాత మూత తెరిచే మీట నొక్కితే టక్కుమని తెరుచుకుంటుంది. ఫ్యూజుల పెట్టెలోని ఆ కొక్కెం మూత తెరవడానికి మాత్రమే. దాని మీంచి కారు స్టార్ట్ చేయాలని చూడకు, ఫ్యూజులు కాలిపోతాయి. మూత తెరిచాక జంప్ స్టార్ట్ కేబుళ్ళు అసలు బ్యాటరీకి, మాన్యువల్ చెప్పిన చోటే పెట్టాలి. ఇదంతా మాన్యువల్లో ఉంది. ఆ రోజు నా మాన్యువల్ గ్లవ్ బాక్సులోనే ఉంది కూడా. కానీ చేతిలో తాళం చచ్చి, పక్కన మనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డప్పుడు పుస్తకం తెరవాలని ఎవరికీ తోచదు. అందుకే అన్నీ బాగున్న రోజే నేర్చుకోమంటున్నాను. ఇంకో మాట, కొన్ని వారాలు కదపకుండా ఉంచాల్సి వస్తే, బ్యాటరీ దిగిపోకుండా చూసే మెయింటెయినర్ తగిలించి వెళ్ళు.

అదే రోజు ముందు డిక్కీలో టూల్ కిట్ కూడా బయటికి తీసి పరుచుకో. కారుని లాక్కెళ్ళడానికి తాడు తగిలించే కొక్కెం, టో హుక్, ఉందా చూడు. బంపర్‌లో ఉన్న చిన్న మూత తీసి ఒకసారి దాన్ని బిగించి చూడు. దాని మర ఎడమ వైపుది, అంటే మామూలుగా ఊడదీసే వైపుకి తిప్పితే బిగుసుకుంటుంది. ఈ సంగతి తెలియక వానలో ఎంతసేపు తంటాలు పడినా అది ఎక్కదు. చక్రాల బోల్టుల్లో దొంగలకు అందకుండా పెట్టేది ఒకటి ఉంటుంది, దాన్ని విప్పే చిన్న సాకెట్ నీ కిట్‌లో ఉందో లేదో చూడు. పాత యజమాని ఎక్కడో మర్చిపోయుంటే పంక్చర్ షాపువాడు కూడా చక్రం విప్పలేడు. లేకపోతే ఈ వారమే అమ్మినతన్ని అడుగు. స్టెప్నీ ఉండదు, దాని బదులు గాలి కొట్టే కంప్రెసర్, టైరులో పోసే సీలెంట్ సీసా ఉంటాయి. సీసా మీద గడువు తేదీ ఉంటుంది, పాత కార్లలో అది దాటిపోయే ఉంటుంది. అది పోశాక 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు, నేరుగా టైరు షాపుకే పోవాలి.

సౌకర్యాల సంగతి నువ్వే ఒక్కొక్కటీ కనిపెడతావు, ఆ సంతోషం నేను లాక్కోను. తాళం పెట్టే చోటు గురించి మాత్రం చెప్పాలనిపిస్తోంది. స్టీరింగుకి తలుపు వైపున ఎందుకుందని అడిగావు. ఫ్రాన్సులో జరిగే ల మాన్స్ రేసులో ఒకప్పుడు డ్రైవర్లు రోడ్డుకి అడ్డంగా పరుగెత్తి వచ్చి కారెక్కేవాళ్ళు. ఒక చేత్తో తాళం తిప్పుతూనే ఇంకో చేత్తో గేరు వేస్తే క్షణం కలిసొస్తుందని అలా పెట్టారని అందరూ చెప్పుకునే కథ. ఆ పరుగు ప్రారంభం 1969తోనే ఆగిపోయింది, తాళం మాత్రం అక్కడే ఉండిపోయింది. నాకైతే తాళం తిప్పిన ప్రతిసారీ అది గుర్తొచ్చి ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక ఇంజన్. దీనికి ఆయిల్ చూసే పుల్ల ఉండదు, స్క్రీన్ మీద చూడాలి. చదునైన చోట, ఇంజన్ వేడెక్కాక, మాన్యువల్ చెప్పినట్టు చూస్తేనే సరైన లెక్క చూపిస్తుంది. పెట్రోల్ పోయించుకున్న ప్రతిసారీ చూసే అలవాటు చేసుకో. మీటర్లలో నీటి వేడికీ, ఆయిల్ వేడికీ వేర్వేరు ముళ్ళు ఉన్నాయి చూశావా? నీళ్ళు ముందే వేడెక్కుతాయి, ఆయిల్ నెమ్మదిగా వేడెక్కుతుంది. నీటి ముల్లు మధ్యకి రాగానే ఇంజన్ సిద్ధమైపోయిందని అనుకోకు. నేను ఆయిల్ ముల్లు 80 డిగ్రీలు దాటేదాకా 4,000 ఆర్‌పీఎం దాటించను. పదకొండేళ్ళలో ఒక్కరోజూ తప్పలేదు.

నీకు తెలియని పెద్ద రహస్యం ఇంకోటుంది. ఈ కారు డైరీ రాసుకుంటుంది. ఇంజన్ రెడ్‌లైన్, అంటే మీటరులో ఎర్ర గీత పెట్టిన హద్దు, దాటి తిరిగిన సందర్భాలన్నీ ఇంజన్ కంప్యూటర్ లెక్క పెట్టుకుంటుంది, చివరిసారి ఎన్ని గంటలు నడిచాక జరిగిందో కూడా. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా, ఇంజన్‌ని హద్దు దాటి తిరగనివ్వని రెవ్ లిమిటర్ ఆపేస్తుంది కదా అంటావేమో. మూడో గేరు నుంచి నాలుగుకి పోబోయి పొరపాటున రెండులో వేస్తే లిమిటర్ ఏమీ చేయలేదు, చక్రాలే ఇంజన్‌ని బలవంతంగా తిప్పేస్తాయి. అప్పుడు వాల్వులు దెబ్బతినొచ్చు. కొనేముందే ఆ లెక్క తీయించి ఉండాల్సింది, ఇప్పటికైనా మించిపోలేదు. 911లు బాగా తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి ఆ లెక్క ప్రింట్ తీయించు. పాతాయన ఎలా తోలాడో ఆ కాగితం చెబుతుంది. ఈ రోజు నుంచి నువ్వెలా తోలుతున్నావో కూడా అదే చెబుతుంది.

వెనక స్పాయిలర్, అంటే ఆ రెక్క, 120 కిలోమీటర్ల వేగం దగ్గర దానంతటదే లేస్తుంది, 60కి తగ్గితే దిగుతుంది. ఆపి ఉన్నప్పుడు లేపడానికి బటన్ కూడా ఉంది. అప్పుడప్పుడూ లేపి కింద పేరుకున్న ఆకులూ దుమ్మూ తీసేయి. అంతకుమించి అక్కడ విశేషం లేదు.

ఈ సంగతి ఇంతవరకూ ఆపి ఉంచాను, ఎందుకంటే దీన్ని తొందరపడి చదివేస్తావని భయం. పీఎస్ఎమ్ ఆఫ్ అని ఒక బటన్ ఉంది. కారు జారబోతే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేక్ వేసి, ఇంజన్ బలం తగ్గించి, దారిలో పెట్టే వ్యవస్థ అది. దాన్ని ఆపినా, నువ్వు గట్టిగా బ్రేక్ తొక్కితే మళ్ళీ ఆదుకోవడానికి వస్తుంది. ఆ ధీమాతో ఆపేవాళ్ళని చూశాను. దయచేసి రోడ్డు మీద ఆ పని చేయకు. ఈ కారు ఇంజన్ వెనక ఇరుసుని కూడా దాటి, ఇంకా వెనక వేలాడుతూ ఉంటుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశావనుకో, బరువు ఒక్కసారిగా ముందుకి పోతుంది, వెనక టైర్ల పట్టు సడలుతుంది, ఆ బరువైన వెనక భాగం ముందుకంటే ముందే పోవాలని చూస్తుంది. మామూలు కారులో కాలు తీస్తే మంచిదని మనకి అలవాటు. ఇక్కడ ఆ అలవాటే ముంచుతుంది. మలుపులోకి పోకముందే వేగం తగ్గించుకో, లోపలికి వెళ్ళాక కాలు నిలకడగా ఉంచు, బయటికి వస్తూ మెల్లగా పెంచు.

ఒకసారి చినుకులు మొదలైన పది నిమిషాలకి, నున్నటి రోడ్డు మీద, నెమ్మదిగానే మలుపు తిరుగుతున్నాను. మీటర్లలో, పీఎస్ఎమ్ పనిచేసినప్పుడు వెలిగే చిన్న దీపం రెండుసార్లు మినుక్కుమంది. కారు కుదుపు లేదు, శబ్దం లేదు. ఆ దీపం లేకపోతే జారామని కూడా నాకు తెలిసేది కాదు. ఆ రోజు నుంచి ఆ దీపాన్నే చూసి నేర్చుకున్నాను. అది వెలిగిందంటే నా లెక్క ఎక్కడో తప్పిందని అర్థం. అది అసలు వెలగకుండా తోలడం వచ్చాక, ఎవరైనా శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ట్రాక్ మీద ఆ బటన్ నొక్కి చూడు. అప్పుడు నేనూ వస్తాను.

బుగాటి వేరాన్ అనే అతివేగపు కారుకి రెండో తాళం ఒకటి ఇచ్చేవాళ్ళు తెలుసా? డ్రైవర్ సీటు పక్కన వేరే రంధ్రంలో అది పెట్టి తిప్పితే తప్ప కారు తన గరిష్ఠ వేగం అందుకోదు. మొదట్లో వచ్చిన డాడ్జ్ హెల్‌క్యాట్ కారుకి నల్ల తాళం, ఎర్ర తాళం ఉండేవి, ఎర్రదానితోనే 707 హార్స్‌పవర్ మొత్తం వచ్చేది, నల్లదానితో 500 దగ్గర ఆగేది. తయారుచేసినవాళ్ళే కొంత బలాన్ని వేరే తాళంలో దాచారంటే, ఆ బలం వాడాలా వద్దా అన్నది చక్రం పట్టుకోకముందే, ప్రశాంతంగా ఉన్నప్పుడే ఆలోచించుకోమని కదా. నీ కారుకి ఎర్ర తాళం లేదు. కాబట్టి ఆ ఆలోచన నువ్వే చేసుకోవాలి.

స్పోర్ట్ బటన్ వేరు, అది ఉంటే భయపడక్కర్లేదు. కాలు కొంచెం ఆనించినా ఇంజన్ ఎక్కువ పలుకుతుంది, అంతే. సస్పెన్షన్ గట్టిపడే బటన్ ఉంటే గతుకుల్లో మాత్రం వాడకు. బండి ఎగురుతుంది, టైరు నేలని వదిలేస్తుంది, దానివల్ల వేగమూ రాదు, పట్టూ రాదు.

కంప్యూటర్ తగిలించి దాగిన ఫీచర్లు తెరిచిస్తామనేవాళ్ళు నీకూ తారసపడతారు. మొదటి ఏడాది ఎవరినీ చేయి పెట్టనివ్వకు. ఇప్పుడున్నవన్నీ ఎలా పనిచేస్తాయో తెలిసేదాకా, ఏది మారిందో నీకు తెలియదు.

మీ అమ్మకి చెప్పు, ఆదివారం పొద్దున్నే వస్తానని. నేనొచ్చేసరికి జంపర్ కేబుళ్ళు, నోట్‌బుక్ సిద్ధంగా ఉంచు. ఆ ఫ్యూజుల పెట్టెలో కొక్కెం ఎక్కడుందో నువ్వే లాగి నాకు చూపించాలి.

ప్రేమతో,
మామయ్య