గోల్ఫ్ సందేహాలు: హ్యాండీక్యాప్ లెక్క

ప్రశ్న: నా హ్యాండీక్యాప్ ఇండెక్స్ (అదనపు స్ట్రోకులు ఎన్నో తేల్చేందుకు ఆటగాడి స్థాయిని చూపే అంకె) 18.4. అంటే పార్ 72 కోర్సులో (నిపుణుడు 72 స్ట్రోకుల్లో ముగించాల్సిన కోర్సు) 90 కొట్టాలి కదా? సగటున 95 అవుతోంది. పైగా మొన్న హైదరాబాద్ వెళ్లి ఆడితే నాకు 21 అదనపు స్ట్రోకులన్నారు. లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఎక్కడా తేడా లేదు. ఇండెక్స్ మీ సగటు ఆటను చెప్పదు, మీరు బాగా ఆడిన రోజుల ఆటను చెబుతుంది. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండీక్యాప్ విధానంలో చివరి 20 రౌండ్లలో మెరుగైన ఎనిమిదింటి డిఫరెన్షియల్స్ (కోర్సు కష్టాన్ని బట్టి సరిచేసిన స్కోరు అంకెలు) సగటే ఇండెక్స్. మిగతా పన్నెండు ఆ సగటులోకి రావు. కాబట్టి నాలుగైదు రౌండ్లకు ఒకసారి ఇండెక్స్‌కు తగ్గట్టు ఆడితే మీ ఆట సరిగ్గా ఉన్నట్టే.

ఇక ఆ 21. ఇండెక్స్ మీ వెంట వస్తుంది, స్ట్రోకులు మాత్రం కోర్సును బట్టి మారతాయి. ఇండెక్స్‌ను మీరు ఆడే టీ (ప్రతి హోల్‌లో ఆట మొదలుపెట్టే చోటు, రంగును బట్టి దూరం మారుతుంది) స్లోప్ రేటింగ్‌తో (నిపుణుడితో పోలిస్తే మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి, ప్రామాణిక స్లోప్ అయిన 113తో భాగించండి. కోర్సు రేటింగ్‌ (నిపుణుడు కొట్టే అంచనా స్కోరు) లోంచి పార్ తీసేయగా మిగిలింది దానికి కలపండి. ఉదాహరణకు స్లోప్ 130, రేటింగ్ 72.3, పార్ 72 అయితే 21.17కు 0.3 కలిపి 21.47, అంటే 21. దీన్నే కోర్సు హ్యాండీక్యాప్ అంటారు. వ్యక్తిగత స్ట్రోక్ ప్లే (మొత్తం స్ట్రోకులు లెక్కించే) పోటీలో మామూలుగా ఇందులో 95 శాతమే ఇస్తారు కనుక చేతికొచ్చేది 20. ప్రతి హోల్‌కూ ఒకటి, స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్ కష్టాన్ని బట్టి ఇచ్చే వరుస సంఖ్య) 1, 2 ఉన్న హోల్స్‌లో ఇంకొకటి చొప్పున.

ఎక్కువమంది పొరపాటు పడేది టీ దగ్గర. వైట్ టీ నుంచి ఆడి బ్లూ టీ కింద స్కోరు ఎక్కిస్తే రేటింగ్, స్లోప్ రెండూ తప్పుతాయి. చెత్త రౌండ్లు ఎక్కించకుండా దాచుకునేవాళ్లూ ఉన్నారు. ఇండెక్స్ ఉండాల్సినదానికంటే తగ్గి, పోటీలో నష్టపోయేది వాళ్లే. మంచి రౌండ్లు దాచేవాళ్లది వేరే సంగతి, దాన్ని మోసమనే అనాలి.

ప్రశ్న: పార్ 4 హోల్‌లో 9 కొట్టాను. కార్డులో ఎంత రాయాలి?

జవాబు: స్ట్రోక్ ప్లే పోటీ అయితే 9 అనే రాయాలి. హ్యాండీక్యాప్ లెక్కలో మాత్రం ఒక్కో హోల్‌కు గరిష్ఠం నెట్ డబుల్ బోగీ: పార్‌కు రెండు, దానిపైన ఆ హోల్‌లో మీకొచ్చే స్ట్రోకులు. కోర్సు హ్యాండీక్యాప్ 21 ఉండి, ఆ హోల్ స్ట్రోక్ ఇండెక్స్ 7 అయితే 4+2+1, అంటే 7. ఇలా సవరించాక మొత్తం 94 వచ్చిందనుకుందాం. పైన చెప్పిన కోర్సులోనే అయితే, 94లోంచి 72.3 పోగా 21.7. దాన్ని 113తో గుణించి 130తో భాగిస్తే 18.9. ఆ రౌండ్ డిఫరెన్షియల్ అదే. వాతావరణం వల్ల ఆరోజు అందరి స్కోర్లూ బాగా మారితే చిన్న సవరణ ఉంటుంది, అది సిస్టమే చేస్తుంది.

ప్రశ్న: కొత్తగా చేరాను. ఎన్ని రౌండ్లు ఆడితే ఇండెక్స్ ఇస్తారు?

జవాబు: 54 హోల్స్ చాలు. మూడు 18 హోల్స్ రౌండ్లయితే వాటిలో తక్కువ డిఫరెన్షియల్ తీసుకుని 2 తగ్గిస్తారు. 33.1, 30.4, 35.0 వస్తే మీ ఇండెక్స్ 28.4. అప్పటిదాకా హోల్‌కు పార్‌పై అయిదుకు మించి లెక్కించరు. మీతో ఆడినవాళ్ల సంతకం కార్డుపై మరవకండి.